కాలేజీయా, ఓపెన్ స్కూలా, పనా? ఆటిజం, మేధో వైకల్యం ఉన్న మన పిల్లలకు పదో తరగతి తర్వాత దారులు

పోయిన దసరా సెలవుల్లో డాలస్‌లో ఉండే మా మరిది ఫోన్ చేశాడు. "వదినా, ఈడ యూనివర్సిటీల్లో మన పెద్దోడి మాదిరి పిల్లోళ్లకి కోర్సులుండాయంట. హాస్టల్లో ఉంటారంట, అందరితో పాటు క్లాసులకి పోతారంట. చూడు మరి" అన్నాడు. ఆ రాత్రి చాలాసేపు ఫోన్‌లో చదువుతూ కూర్చున్నాను. మా పెద్దోడికి 22 ఏళ్లు. ఆటిజం, దానితో పాటు తక్కువ స్థాయి మేధో వైకల్యం. కర్నూలు బస్టాండు నుంచి బయల్దేరే బస్సులు ఏ గంటకి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తాయో చూడకుండా చెప్తాడు. చిల్లర లెక్క దగ్గర మాత్రం ఇప్పటికీ తడబడతాడు. పదో తరగతి అయ్యాక వాడికోసం నేను చాలా గడపలు తొక్కాను. కొన్ని చోట్ల మోసపోయాను, కొన్ని చోట్ల మంచి మనుషులు దొరికారు. మన కర్నూలు, అనంతపురం, కడప మూడు జిల్లాల్లో ఇదే ప్రశ్నతో తిరుగుతున్న తల్లిదండ్రులు రోజూ తగులుతున్నారు కాబట్టి, నాకు తెలిసింది ఒక చోట పెడుతున్నాను.

ముందు ఆ అమెరికా సంగతి. అక్కడ 2008లో ఉన్నత విద్యా చట్టాన్ని సవరించినప్పుడు మేధో వైకల్యం ఉన్న విద్యార్థులకు కాలేజీ తలుపు తెరిచారు. 2010లో ఇలాంటి ప్రోగ్రాములు నడిపే కాలేజీలకు అక్కడి కేంద్ర ప్రభుత్వం నిధులివ్వడం మొదలుపెట్టింది. ఇప్పుడు 300కు పైగా కాలేజీల్లో ఇవి ఉన్నాయి. కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయంలోనైతే 1987లోనే మొదలయింది. చాలా చోట్ల ఇచ్చేది డిగ్రీ కాదు, సర్టిఫికెట్టు. రెండేళ్ల నుంచి నాలుగేళ్లు ఉంటుంది. పిల్లవాడు మామూలు క్లాసులో కూర్చుంటాడు, పాఠం తన స్థాయికి తగ్గట్టు తీసుకుంటాడు. అదే కాలేజీ విద్యార్థి ఒకరు తోడుంటారు. క్యాంపస్‌లోనో ఊళ్లోనో కొన్ని గంటలు పని చేస్తాడు. వంట, బట్టలు, డబ్బు, బస్సు ప్రయాణం నేర్పుతారు.

మన పిల్లలకి అది కుదురుతుందా? నన్నడిగితే, అక్కడే పుట్టి పెరిగిన పిల్లలకి తప్ప మిగిలినవాళ్లకి కుదరదు. అక్కడి ప్రభుత్వ ఆర్థిక సాయం ఆ దేశ పౌరులకి, అక్కడ శాశ్వతంగా ఉండే హక్కున్నవాళ్లకి. మనం పంపితే మొత్తం ఖర్చు మనదే. పైగా భాష మారుతుంది, తిండి మారుతుంది, అమ్మ ఉండదు. మరిదికి అదే చెప్పాను. కానీ ఆ చదివిన రాత్రి ఊరికే పోలేదు. ఆ ప్రోగ్రాముల్లో ఉన్న సరుకేమిటో అర్థమయింది: తోటి వయసువాళ్ల మధ్య కూర్చోవడం, ఒక తోడు, నిజమైన పని, ఒంటరిగా తిరగడం. ఈ నాలుగూ డాలస్‌లోనే దొరకాలని లేదు.

అందుకే మన దగ్గరున్న దారులను పోల్చేటప్పుడు నేను ఒకే ప్రశ్న వేసుకుంటాను. సోమవారం పొద్దున పది గంటలకి మా వాడు ఎక్కడ ఉంటాడు, వాడి పక్కన ఎవరుంటారు? కోర్సు పేరు, చివర్లో వచ్చే కాగితం, బంధువులకి చెప్పుకునే మాట, అన్నీ ఆ తర్వాతే.

మామూలు ఇంటర్, డిగ్రీ

చట్టం మనవైపే ఉంది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం, మేధో వైకల్యం రెండూ ఉన్నాయి. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకి కనీసం 5 శాతం సీట్లు ఉంచాలి. వయసులో అయిదేళ్ల సడలింపు ఇవ్వాలి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ విద్యాసంస్థా వైకల్యం పేరు చెప్పి పిల్లవాణ్ని కాదనకూడదు.

అయినా కాదంటారు. మా వాడి పది పాస్ మెమో పట్టుకుని కర్నూలులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీకి పోయాను. ఫీజు కట్టించుకోబోతూ, ఆటిజం అనే మాట వినగానే అప్లికేషన్ పక్కన పెట్టి, "మేడం, మా రిజల్టు పోతాది" అన్నారు. మా వాడు నా పక్కనే నిలబడి వింటున్నాడు. వాడికి అర్థం కాదనుకున్నారు. ఇంటికి వచ్చాక "అమ్మా, రిజల్టు యాడికి పోతాది?" అని మూడు సార్లు అడిగాడు. మీకూ ఇలా జరిగితే నోటిమాటగా తిరిగి రాకండి. కాదన్న కారణం రాసివ్వమని అడగండి. రాసివ్వకపోతే మీరే తేదీ, సమయం, ఎవరు ఏమన్నారో రాసుకుని రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి పంపండి. ఆ పిల్లోణ్ని ఆ కాలేజీలోనే చేర్చాలని కాదు. మనసు లేనిచోట చేర్చి ఏం లాభం? తర్వాత వచ్చే పిల్లవాడికి పనికొస్తుందని.

ఇక డిగ్రీ ఎవరికి? ఆటిజం ఉండి చదువులో ఇబ్బంది లేని పిల్లలు, ఇంటర్ సొంతంగా పాసైనవాళ్లు తప్పకుండా చేరాలి. అనంతపురం గవర్నమెంట్ ఆర్ట్స్ కాలేజీ 1916 నాటిది, కర్నూలు సిల్వర్ జూబ్లీ కాలేజీ 1972 నాటిది. ఇలాంటి పాత ప్రభుత్వ కాలేజీల్లో నాకు కనిపించే గొప్ప వసతి చెట్లు, ఖాళీ జాగా. ఆటిజం పిల్లవాడికి క్లాసు మధ్యలో తల బరువెక్కితే పోయి కూర్చోవడానికి ఒక చెట్టు కింద అరుగు కావాలి. నాలుగంతస్తుల అద్దె భవనంలో నడిచే కాలేజీలో ఆ అరుగు ఉండదు. ల్యాబుల ఫొటోలు చూసి మురిసిపోయే ముందు ఇది చూడండి.

పరీక్షల్లో గంటకి 20 నిమిషాలు అదనపు సమయం హక్కు. అంటే మూడు గంటల పరీక్షకి నాలుగు గంటలు. రాయడం కష్టమైతే సహాయకుడు రాస్తాడు. 40 శాతం లేనివాళ్లకి కూడా అవసరాన్ని బట్టి సహాయకుణ్ని ఇవ్వాలని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో చెప్పింది. వీటిని పరీక్ష ముందురోజు అడిగితే దొరకవు. పరీక్ష ఫీజు కట్టేటప్పుడే దరఖాస్తు, సర్టిఫికెట్టు నకలు ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోవాలి.

మేధో వైకల్యం ఉన్న పిల్లల విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. కొందరు తల్లిదండ్రులకి నచ్చకపోవచ్చు. చట్టం సీటు ఇప్పిస్తుంది, పాఠం ఎక్కించదు. మన డిగ్రీ కాలేజీల్లో పాఠాన్ని పిల్లవాడి స్థాయికి మార్చి చెప్పే ఏర్పాటు లేదు. మేధో వైకల్యం ఉన్న పిల్లల కోసమని పెట్టిన సర్టిఫికెట్టు కోర్సూ నాకు కనిపించలేదు. మూడేళ్లు వెనక బెంచీలో కూర్చుని, ప్రతి సెమిస్టర్‌లో అన్ని పేపర్లూ తప్పి, ఆఖరికి "నాకు ఏదీ రాదు" అనే ఒక్క పాఠం నేర్చుకుని వచ్చిన పిల్లవాణ్ని నేను చూశాను. కడపలో ఆ తండ్రి జిరాక్సు షాపు నడుపుతాడు. "అబ్బీ డిగ్రీ అని చెప్పుకోవాలనుకున్న్యా మా, అంతే" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ మూడేళ్లూ వాడు తండ్రి షాపులో నిలబడి ఉంటే ఏం జరిగేదో ఆయనకే తెలుసు.

ఒకేషనల్ ఇంటర్: ఎవరూ చెప్పని దారి

నేను అందరికన్నా ఎక్కువ నమ్మే దారి ఇది. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ఒకేషనల్ గ్రూపులుంటాయి. అకౌంటింగ్ అండ్ టాక్సేషన్, పంటల ఉత్పత్తి, కంప్యూటర్ లాంటివి, అమ్మాయిలు ఎక్కువగా తీసుకునే గార్మెంట్ కోర్సులు. ఏ కాలేజీలో ఏ గ్రూపు ఉందో వేసవిలోనే పోయి చూసుకోవాలి. క్లాసులో సంఖ్య తక్కువ. పాఠం తక్కువ, చేతిపని ఎక్కువ. అన్నిటికన్నా ముఖ్యంగా, కోర్సులో భాగంగానే బయట పని నేర్చుకునే శిక్షణ ఉంటుంది. డాలస్ ప్రోగ్రాములో ఉన్న నాలుగింట్లో మూడు ఇక్కడ వచ్చేశాయి: తోటివాళ్లు, పని, రోజూ వెళ్లి రావడం.

నాలుగోది తోడు. దానికీ ఒక ఉపాయం ఉంది. చాలా కాలేజీల్లో ఎన్ఎస్ఎస్ యూనిట్ ఉంటుంది. అందులో చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. మొక్కలు నాటడం, ర్యాలీలు, శిబిరాలతో ఆ గంటలు నిండుతాయి. మేము ప్రోగ్రామ్ ఆఫీసర్ సార్ దగ్గరికి పోయి, "మా పిల్లవాడి పక్కన కూర్చుని, మధ్యాహ్నం వాడితో కలిసి అన్నం తిని, నోట్సు రాయించే ఇద్దరు పిల్లలు కావాలి సార్, అది సేవ కాదా?" అని అడిగాం. ఆయన కాసేపు ఆలోచించి సరేనన్నారు. ఒకరైతే సరిపోరు, ఇద్దరుండాలి. ఒకరు సెలవు పెట్టిన రోజు వాడి లోకం తలకిందులవుతుంది. ఆ ఇద్దరికీ మొదటి వారమే వాడి గురించి ఒక కాగితం రాసిచ్చాను. ఫ్యాను చప్పుడు ఎక్కువైతే చెవులు మూసుకుంటాడు, భుజం మీద చేయి వేయొద్దు, మాట రెండు సార్లు చెప్పండి కానీ గట్టిగా చెప్పొద్దు, బస్సుల గురించి అడిగితే నవ్వుతాడు. అందులో ఒకడు ఇప్పటికీ ప్రతి సంక్రాంతికి మా ఇంటికి వస్తాడు.

లోపాలూ ఉన్నాయి. ఇంగ్లిష్ పేపరు అందరికీ ఉంటుంది, మన పిల్లలు అక్కడే ఆగిపోతారు. లెక్చరర్ బదిలీ అయితే కథ మళ్లీ మొదటికి వస్తుంది. పది పాస్ కాని పిల్లలకి ఈ తలుపే తెరుచుకోదు.

ఐటీఐ గురించి రెండు మాటలు. చేతి నైపుణ్యం బాగా ఉండి, యంత్రం దగ్గర జాగ్రత్తగా ఉండగలిగే పిల్లవాడికి బాగుంటుంది. శబ్దం పడని ఆటిజం పిల్లలకి ఫిట్టర్, వెల్డర్ వర్క్‌షాపు నరకం. చేర్చే ముందు ఒక పూట తీసుకెళ్లి వర్క్‌షాపు గుమ్మంలో నిలబెట్టండి, వాడి ముఖమే చెప్తుంది.

ఓపెన్ స్కూలు

పది దగ్గరే ఆగిపోయిన పిల్లలకి ఇదే అసలు ఊపిరి. ఎన్ఐఓఎస్ అనే జాతీయ ఓపెన్ స్కూల్లో, రాష్ట్ర ఓపెన్ స్కూల్లో అయిదు సబ్జెక్టులు పాసైతే చాలు. ఎన్ఐఓఎస్‌లో పదికి లెక్కలు తప్పనిసరి కాదు. పెయింటింగ్, హోం సైన్స్, డేటా ఎంట్రీ లాంటివి ఎంచుకోవచ్చు. ఒకసారి చేరితే అయిదేళ్ల గడువు, తొమ్మిది సార్లు రాసే అవకాశం. పాసైన సబ్జెక్టు పాసైనట్టే ఉంటుంది, ఒకసారికి ఒకటి రెండు రాసుకుంటూ పోవచ్చు. మూడు, అయిదు, ఎనిమిది తరగతుల స్థాయిలో కూడా పరీక్షలున్నాయి కాబట్టి, బడి ముఖమే చూడని పిల్లవాడు కూడా ఎక్కడో ఒకచోట మెట్టెక్కవచ్చు. మా వాడు పది ఇలాగే, మూడు విడతల్లో పూర్తి చేశాడు. పెయింటింగ్‌లో వచ్చిన మార్కులు చూసి వాళ్ల తాత వీధంతా తిరిగి చెప్పాడు.

కానీ సోమవారం ప్రశ్న వేస్తే ఓపెన్ స్కూలు తేలిపోతుంది. పది గంటలకి ఎక్కడుంటాడు? ఇంట్లో. పక్కన ఎవరు? అమ్మ. ఆదివారం కాంటాక్టు క్లాసులు ఉన్నా, చాలామంది పరీక్షకి తప్ప సెంటర్ ముఖం చూడరు. రెండేళ్లు అలా ఇంట్లో ఉండి పది పాసయ్యేసరికి మా వాడు తెలియనివాళ్లతో మాట్లాడటం మానేశాడు. కాగితం వచ్చింది, మాట పోయింది. కాబట్టి ఓపెన్ స్కూలును ఒక్కదాన్నే నమ్ముకోకండి. దాని పక్కన పగటిపూట ఏదో ఒక చోటు ఉండి తీరాలి. అది పని కావచ్చు, టైలరింగ్ క్లాసు కావచ్చు, మేనమామ కిరాణా అంగడి కావచ్చు.

ప్రత్యేక పాఠశాలలు, వృత్తి శిక్షణ కేంద్రాలు

చదువు అసలు ఎక్కని, మాట తక్కువ ఉన్న, ఎక్కువ సాయం కావలసిన పిల్లలకి కాలేజీ మాటెత్తి ఆశ పెట్టడం తప్పు. వాళ్లకి మంచి రోజు కావాలి. ఈ విషయంలో అనంతపురంవాళ్లు కొంత అదృష్టవంతులు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అక్కడి పల్లెల్లో ఏళ్ల తరబడి దివ్యాంగులతో పనిచేస్తోంది. మేధో వైకల్యం ఉన్న పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు నడుపుతోంది, ఆటలు ఆడిస్తోంది. మిగిలిన రెండు జిల్లాలవాళ్లు ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం మండలంలో నడిపే భవిత కేంద్రం రిసోర్స్ టీచరునే మొదట అడగాలి. ఆ టీచర్లు పద్దెనిమిదేళ్లలోపు పిల్లల కోసమే అయినా, చుట్టుపక్కల ఎక్కడ ఏముందో వాళ్లకి తెలిసినంతగా ఏ ఆఫీసులోనూ తెలియదు.

కేంద్రాన్ని ఎంచుకునేటప్పుడు నేను చేసిన తప్పు మీరు చేయకండి. వేరే ఊళ్లో హాస్టలున్న ఒక శిక్షణ కేంద్రంలో, గోడల మీద బొమ్మలు చూసి, మాటలు విని మా వాణ్ని వదిలిపెట్టాం. నలభై రోజుల తర్వాత పోయి చూస్తే, ఒక గదిలో పన్నెండు మంది కాగితం కవర్లు అంటిస్తున్నారు. పొద్దున కవర్లు, మధ్యాహ్నం కవర్లు. వాడి వేళ్లకి జిగురు ఎండిపోయి ఉంది. నన్ను చూసి లేవలేదు. "అయిపోయినాక వస్తా" అన్నాడు. ఆ రోజే తీసుకొచ్చేశాను. కవర్లు అంటించడం చెడ్డ పని కాదు. వాడికి అదొక్కటే వస్తుందని ఎవరో నిర్ణయించడం, వాడు ఇంకేం చేయగలడో చూడకపోవడం నన్ను కోసింది. కాబట్టి చెప్పకుండా పోండి, మధ్యాహ్నం భోజనం వేళ పోండి. పిల్లలు ఎవరి పక్కన కూర్చుని తింటున్నారో, టీచర్లు వాళ్లతో కలిసి తింటున్నారో లేదో చూడండి. బాత్రూమ్ తలుపుకి లోపల గడియ ఉందో లేదో చూడండి. ఇక్కడ శిక్షణ అయినవాళ్లు ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారని అడగండి. ఒక్కరి పేరైనా, ఒక్క అంగడి పేరైనా చెప్పలేకపోతే లేచి రండి.

పిల్లవాడు ఏ పనికి తగినవాడో తేల్చుకోలేకపోతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో జాతీయ మేధో వైకల్య సాధికారత సంస్థ, అందరూ ఎన్ఐఈపీఐడీ అనేది, ఉంది. 1984 నుంచి నడుస్తోంది. పెద్ద పిల్లల సామర్థ్యం పరీక్షించడం, వృత్తి సలహా రెండూ అక్కడ దొరుకుతాయి. కడపవాళ్లకి నెల్లూరులోని సీఆర్‌సీ, అంటే దివ్యాంగుల ప్రాంతీయ కేంద్రం, దగ్గర. ఒక్కసారి పోయి రాతపూర్వకంగా తెచ్చుకున్న సలహా తర్వాత ఏ కాలేజీకి పోయినా పనికొస్తుంది.

దూరం పంపడమా?

బెంగళూరు మనకి ఊరిస్తూ ఉంటుంది. అనంతపురం నుంచి బస్సెక్కితే నాలుగైదు గంటలు. మిట్టీ కెఫే అని 2017లో హుబ్బళ్లిలో మొదలై, బెంగళూరు ఆఫీసుల్లో, ఆఖరికి ఢిల్లీ సుప్రీంకోర్టులో కూడా శారీరక, మేధో వైకల్యాలున్న పెద్దవాళ్లతో నడుస్తున్న టీ దుకాణాలున్నాయి. లెమన్ ట్రీ హోటళ్లలో డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు పనిచేస్తున్నారు. ఇవి చూస్తే ప్రాణం లేచొస్తుంది. అయితే మన పిల్లవాడు కర్నూలులోనే రాజ్ విహార్ సర్కిల్ దాకా ఒంటరిగా పోయి వెనక్కి రాలేనప్పుడు బెంగళూరు మెట్రో మాట ఇప్పుడే వద్దు. ముందు వీధి చివరి పాల బూత్, తర్వాత సి క్యాంపు రైతు బజారు, ఆ తర్వాత ఒక స్టేజీ బస్సు. మా వాడికి ఇది ఏడాదిన్నర పట్టింది. మొదట పక్కన కూర్చున్నాను, తర్వాత వెనక సీట్లో, తర్వాత వెనక బస్సులో. ఒకసారి దిగాల్సిన చోట దిగలేదు. నాకు గుండె ఆగినంత పనయింది. కండక్టరుకి మెడలో కార్డు చూపించి తానే ఫోన్ చేయించాడు. ఆ రోజు నేర్చుకున్నది ఏ కాలేజీలోనూ నేర్పరు.

దూరం పంపడం తప్పనిసరి అనుకుంటే, మొదటి మూడు నెలలు ఇంట్లోవాళ్లు ఎవరైనా ఆ ఊళ్లోనే ఉండే ఏర్పాటు చేసుకోండి. అది కుదరకపోతే పంపకండి.

ఆడపిల్లల సంగతి

మూడు జిల్లాల్లోనూ నేను చూసిన ఆడపిల్లలు ఎక్కువమంది పది తర్వాత ఇంట్లోనే ఉన్నారు. భయం అందరికీ తెలిసిందే, నేను కాదనను. కానీ నాలుగు గోడల మధ్య కూడా ప్రమాదం ఉంటుందని, చెప్పుకోవడం రాని పిల్లకి అక్కడ ఇంకా ఎక్కువని చెప్పక తప్పదు. అనంతపురంలో ఒక తల్లి తన డౌన్ సిండ్రోమ్ కూతుర్ని మహిళల టైలరింగ్ సెంటర్‌లో చేర్చింది. రెండు నెలల ముందు నుంచి మూడే విషయాలు నేర్పింది: ఎవరు ఎక్కడ ముట్టుకోకూడదు, వద్దు అని గట్టిగా అరవడం, అమ్మ నెంబరు చూడకుండా చెప్పడం. సెంటర్ మేడంకి కూడా నెలసరి రోజుల్లో ఏం చేయాలో ముందే మొహమాటం లేకుండా చెప్పింది. ఇప్పుడా అమ్మాయి జాకెట్లకి హుక్సులు కుట్టడంలో ఆ సెంటర్ మొత్తానికి ముందు. ఆడపిల్లలకి మహిళా కాలేజీలు, మహిళా శిక్షణ కేంద్రాలు మొదట చూడండి. కర్నూలులో కేవీఆర్ మహిళా కాలేజీ లాంటి చోట్ల తోడుండే పిల్లలు దొరకడం సులువు.

కాగితాలు, డబ్బు

సదరం సర్టిఫికెట్టు (వైకల్యం ఎంత శాతమో రాసిచ్చేది), యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) లేకుండా పై దారుల్లో చాలావరకు సాగవు. పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో, పది మెమోలో, సర్టిఫికెట్టులో ఒకేలా ఉండాలి. ఒక్క అక్షరం తేడాకి మేము ఒక అడ్మిషను పోగొట్టుకున్నాం. రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 2024 జూలై నుంచి నెలకి 6,000 రూపాయలు. చాలా ఇళ్లలో అది ఇంటి ఖర్చులో కలిసిపోతుంది. అవసరం అలాంటిది, తప్పనను. వీలైతే అందులో కొంత వాడి బస్సు పాసుకి, మధ్యాహ్నం టిఫిన్‌కి, వాడి చేతికి విడిగా ఇవ్వండి. డబ్బు లెక్క పుస్తకంలో కాదు, ఉగ్గాని బజ్జి కొన్నప్పుడు వస్తుంది.

కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఆటిజం, మేధో వైకల్యం ఉన్నవాళ్లకి ఏడాదికి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది, థెరపీలకి కూడా. ఇక 18 నిండాక చట్టం దృష్టిలో పిల్లవాడు పెద్దవాడే, తల్లిదండ్రులు తమంతట తాము సంరక్షకులు కారు. బ్యాంకులో, ఆస్తి కాగితాల దగ్గర ఇది అడ్డం వస్తుంది. కలెక్టరు ఆధ్వర్యంలోని లోకల్ లెవెల్ కమిటీ చట్టబద్ధ సంరక్షకుణ్ని నియమిస్తుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి నంద్యాల, శ్రీసత్యసాయి, అన్నమయ్య జిల్లాలవాళ్లు తమ కొత్త కలెక్టరేట్‌కే పోవాలి. చదువుకున్న ఆటిజం పిల్లలకి, సొంత నిర్ణయాలు తీసుకోగలిగినవాళ్లకి మాత్రం తొందరపడి సంరక్షకత్వం తీసుకోకండి. వాడి సంతకం వాడిదే కావాలి.

ఇంకేది ఎంచుకోవాలి?

ఆటిజం ఉండి చదువు బాగా వచ్చే పిల్లవాడైతే చెట్లున్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీ, ఎన్ఎస్ఎస్ తోడు, పరీక్షల్లో అదనపు సమయం. తక్కువ స్థాయి మేధో వైకల్యమైతే ఓపెన్ స్కూల్లో పది, తర్వాత ఒకేషనల్ ఇంటర్, దానితోనే ఒక అంగడిలో పని. ఎక్కువ సాయం కావలసిన పిల్లలకి మంచి డే సెంటర్, ఇంటికి దగ్గరగా, సాయంత్రం ఇంటికి వచ్చేలా. నేను ఎవరికీ ఒకే దారి చెప్పను, రెండు కలిపే చెప్తాను. ఒకటి ఆగిపోయినా ఇంకొకటి నడుస్తూ ఉండాలి.

ఎంపికలో పిల్లవాణ్ని అడగడం మరిచిపోకండి. మాట రానివాళ్లని కూడా. రెండు చోట్ల ఫొటోలు తీసి ముందు పెట్టండి, దేన్ని చేతిలోకి తీసుకుంటాడో నాలుగైదు రోజులు చూడండి. మా వాడు కంప్యూటర్ల గది ఫొటో పక్కకి తోసి, జిరాక్సు మెషిన్ ఫొటో దిండు కింద పెట్టుకుని పడుకున్నాడు. శిక్షణకి అలాంటి షాపే వెతికాం.

ఇప్పుడు వాడు సోమ, బుధ, శుక్రవారాలు బళ్లారి చౌరస్తా దగ్గర ఆ జిరాక్సు షాపులో ఉంటాడు. శిక్షణ అయిపోయాక ఆ షాపాయన "ఉండనీమా, ఈడ ఉంటే నాకూ తోడు" అని ఉంచుకున్నాడు. కాగితాలు అంచులు కలిపి స్టేపుల్ చేయడంలో వాడిని మించినవాళ్లు లేరు. డబ్బు మాత్రం ఆయనే తీసుకుంటాడు. మంగళ, గురువారాలు ఇంట్లో ఇంగ్లిష్. ఇంటర్‌లో ఆ పేపరు, ఇంకొక పేపరు మిగిలాయి. మే సప్లిమెంటరీకి ఇంగ్లిష్ ఒక్కటే కడుతున్నాం, రెండోది వచ్చే ఏడాదికి. సహాయకుడి దరఖాస్తు నింపి, సంతకం పెట్టించి బీరువాలో పెట్టాను.